నీళ్ళ బరువు

1974 జూన్ 15, శనివారం, ఉదయం ఆరుంబావు. కొట్టం గోడకు తగిలించిన ఉష్ణమాపకం యాభై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది. రాత్రి కురిసిన వాన అర అంగుళానికి కాస్త తక్కువ. గాలి నైరుతి నుంచి, సన్నగా వీస్తోంది. ఇవన్నీ గుర్తుండి రాస్తున్నవి కావు. ఆ ఏడాది నేను రాసుకున్న నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పేజీలో వాతావరణం కింద ఒకే ఒక అంకె ఉంది: 263. అది నా భర్త ఆరిన్ బరువు, పౌన్లలో.

అతన్ని పందుల కాటా మీద తూచేవాళ్ళం. అందులో నవ్వులాట ఏమీ లేదు. స్నానాల గదిలో ఉన్న కాటా రెండువందల యాభై దగ్గర ఆగిపోతుంది. సంతకు తోలబోయే పందుల్ని తూచే ఇనప కాటా కొట్టంలో ఉంది, నాలుగు వైపులా కటకటాలతో. దాని దూలం మీద గుండు జరిపితే ఒక్క పౌను తేడా కూడా తెలుస్తుంది. ప్రతి శనివారం పందులకు దాణా వేయడం అయ్యాక ఆరిన్ బూట్లు విప్పి ఆ బోనులోకి వెళ్ళి నిలబడేవాడు. నేను గుండు జరిపి, దూలం నిలకడకు వచ్చేదాకా ఆగి, అంకె రాసుకునేదాన్ని.

అతని కుడి తుంటి కీలు అరిగిపోయింది. ట్రాక్టరు ఎక్కాలంటే కుడి కాలిని రెండు చేతులతో ఎత్తి మెట్టు మీద పెట్టుకోవలసి వచ్చేది. రెండు గంటల ప్రయాణం దూరంలో, పక్క రాష్ట్రంలో ఉన్న ఆసుపత్రిలో ఆ కీలు తీసి కొత్తది అమరుస్తారు. అయితే అక్కడి డాక్టరు మార్చిలోనే ఖరాఖండిగా చెప్పాడు: రెండువందల నలభై పౌన్లకు దిగితేనే కత్తి పడుతుంది. సెప్టెంబరు మూడున రమ్మన్నాడు. అప్పటికి దిగకపోతే మళ్ళీ ఏప్రిల్లోనే చోటు.

సెప్టెంబరుకూ ఏప్రిల్‌కూ మధ్య మాకు మొక్కజొన్న కోత ఉంది. అమెరికాలోని ఉత్తర అయోవాలో, నార్వే నుంచి వచ్చి స్థిరపడిన మావంటి వాళ్ళ పల్లెల్లో ఒక రివాజు ఉంది. మనిషి ఆసుపత్రిలో ఉంటే అతని పంటను ఇరుగుపొరుగు వచ్చి కోసిపెడతారు, అడగనక్కర్లేదు. కుంటుతూనైనా నిలబడి ఉన్నవాడికి ఎవరూ రారు, అతనూ ఎవరినీ పిలవడు. కాబట్టి ఆ ఇరవై మూడు పౌన్లూ దిగితే ఆ శరదృతువులో ఆరిన్ మంచం మీద ఉంటాడు, దిగకపోతే కోత యంత్రం మీద ఉంటాడు. మా ఇంట్లో అందరికీ ఇది తెలుసు.

అతని ఆహారం బాధ్యత నాది. నేను రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గృహవిజ్ఞానం చదివాను. అక్కడి ప్రయోగశాలలో, మూత బిగించిన ఉక్కు గిన్నెలో రొట్టె ముక్కను కాల్చి, చుట్టూ ఉన్న నీళ్ళు ఎన్ని డిగ్రీలు వేడెక్కాయో చూసి, దానిలో ఎన్ని కేలరీలున్నాయో నా చేత్తో లెక్కకట్టాను. మా కౌంటీలో, అంటే జిల్లాలో, గృహిణులకు సలహాలిచ్చే ఉద్యోగం నాది. ఏప్రిల్ నుంచి ఆరిన్‌కు రోజుకు పద్దెనిమిది వందల కేలరీలు, గ్రాములతో సహా తూచి పెట్టాను: వెన్న తీసిన పాలు, సన్నగా కోసిన రొట్టె, డబ్బా పీచ్ పళ్ళు, కొవ్వు కలపని తెల్లని కేకు ఒక ముక్క. మొదట అయిదు పౌన్లు దిగాడు. ఆ తర్వాత నాలుగు శనివారాలుగా గుండు అదే గీత మీద ఆగుతోంది.

"రెండు అరవై మూడు," అన్నాను ఆ పొద్దున.

కటకటాలకు మోచేతులు ఆనించి, పాలూ చక్కెరా లేని కాఫీ తాగుతూ మా చెల్లెలు లవాన్ నిలబడి ఉంది. నాకంటే ఆరేళ్ళు చిన్నది. నగరంలో పదకొండేళ్ళు ఒక రొట్టెల దుకాణంలో పనిచేసి, మొగుడితో విడిపోయి, మే నెలాఖరున వచ్చి మా వాకిట్లోని ట్రెయిలర్ ఇంట్లో దిగింది. దుకాణంలో ఉండగా రెండువందల పౌన్లు దాటిందట. అప్పుడు చక్కెర, రొట్టె, బంగాళాదుంప మూడూ మానేసి, పది నెలల్లో యాభై రెండు పౌన్లు తగ్గింది. వెంట తెచ్చుకున్న గౌన్లన్నీ నడుము దగ్గర లోపలికి కుట్టినవే. నేను పద్దెనిమిదేళ్ళుగా ఒకే కొలత గౌను తొడుగుతున్నాను, పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ముద్దనూ లెక్కపెడుతున్నాను.

"ఆరిన్, పందిని లావెక్కించాలంటే ఏం పెడతావు నువ్వు?" అని అడిగింది.

"మొక్కజొన్న."

"వెన్న పెట్టవా?"

"వెన్న పెట్టేంత గారాబం నేనే పందికీ చెయ్యలేదు."

ఇద్దరూ నవ్వారు. "విన్నావా ప్రొఫెసరమ్మా?" అంది లవాన్ నావైపు తిరిగి.

అవసరానికి మించి ఏది పెట్టినా పంది లావెక్కుతుందనీ, మొక్కజొన్న చవక కాబట్టి మొక్కజొన్న పెడతామనీ, కేలరీ ఎందులోంచి వచ్చినా కేలరీయేననీ చెప్పాను. చెప్పిందంతా సరైనదే. దానికి ఎవరూ నవ్వలేదు.

*

జులై, ఆగస్టుల్లో ఉత్తరాన ఆరు కౌంటీల వ్యవసాయ ప్రదర్శనలు జరుగుతాయి. కేకులకు, రొట్టెలకు, పళ్ళ మురబ్బాలకు నేను న్యాయనిర్ణేతను. పొద్దున ఆరింటికి కారెక్కితే సాయంత్రానికి గాని ఇల్లు చేరను. అందుకని జులై ఎనిమిది నుంచి ఆరిన్ తిండి సంగతి లవాన్ చేతికి వెళ్ళింది. పథకం కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్ళాను. అయిదోరోజున చూస్తే ఆ కాగితం వెనకవైపు లవాన్ చేతిరాతతో గుడ్లు, చేపలు, కీరా దోసకాయలు అని సరుకుల జాబితా ఉంది.

జులై పదమూడు శనివారం గుండు రెండువందల యాభై అయిదు దగ్గర నిలిచింది. వారంలో ఎనిమిది పౌన్లు. ఆరిన్ బోనులోంచి బయటికి రాకుండా మళ్ళీ ఒకసారి చూడమన్నాడు. మళ్ళీ చూశాను, అంతే ఉంది.

"అది నీళ్ళు," అన్నాను.

వాళ్ళిద్దరూ నాకేసి చూశారు. నేను వివరించాను. పిండిపదార్థాలు, చక్కెర తిన్నప్పుడు శరీరం వాటిలో కొంత కండల్లోనూ కాలేయంలోనూ దాచుకుంటుంది. అలా దాచిన ప్రతి పౌనుకూ మూడు పౌన్ల నీళ్ళు పట్టి ఉంచుతుంది. రొట్టె మానేస్తే ఆ నిల్వ ఖర్చయిపోయి నీళ్ళు బయటికి పోతాయి. మళ్ళీ రొట్టె తింటే వారంలో నీళ్ళు తిరిగి వస్తాయి. కొవ్వుతో దానికి సంబంధం లేదు.

ఇది ఆరిన్‌కు కొత్త సంగతి కాదు. సంతకు తోలిన పంది దారిలోనే నాలుగైదు పౌన్లు తరుగుతుందని, తూకానికి ముందు ఉప్పు దాణా పెట్టి కడుపునిండా నీళ్ళు తాగిస్తే అంత పెరుగుతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. కొనేవాడికీ తెలుసు, అందుకే తరుగు తీసేసి ధర కడతాడు. మా నాన్న జీవితమంతా దాని మీదే వాదులాడాడు.

"నీళ్ళయితే నీళ్ళు," అంది లవాన్. "ఆ డాక్టరు కాటా మీద నిలబెడతాడా, నీళ్ళు పిండి చూస్తాడా?"

ఆ తర్వాతి శనివారాల అంకెలు వరసగా ఇవి: 252, 250, 248, 246, 244. ఇవి నీళ్ళు కావు. అది నాకు తెలిసినంత బాగా మా ఇంట్లో మరెవరికీ తెలియదు. అంకె రాస్తున్నప్పుడు పెన్సిల్ మొన రెండుసార్లు విరిగింది. ఇంతకాలమూ నేను చేసుకున్న ప్రార్థన ఫలిస్తుంటే నాకది బాధగా ఉండేది. ఆ బాధకు పేరేమిటో నేను నోటుపుస్తకంలో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను: అసూయ.

అది లవాన్ సన్నబడ్డందుకని మొదట్లో అనుకున్నాను. కొంత నిజమే. ఒకరోజు ప్రదర్శన నుంచి వచ్చి, ముప్పైనాలుగు కేకులకు మార్కులు వేసి అలిసిపోయానంటే, "ముప్పైనాలుగు ముక్కలు నోట్లో వేసుకుని ఇప్పుడు రాత్రి భోజనంలో అర రొట్టె తగ్గిస్తావు కామోసు," అంది. న్యాయనిర్ణేత రుచి చూస్తుందే గాని తినదని చెప్పాను. ఆ రుచి చూడడాలు నా పుస్తకంలో ఏ వేసవిలోనూ ఎక్కించలేదు, మా వృత్తిలో ఎవరూ ఎక్కించరు. లవాన్ నా నడుం వంక చూసి, వెళ్ళి పళ్ళేలు కడిగింది. అయితే అసలు కారణం వేరే ఉంది. ఆగస్టు ఏడున గాని నాకది బోధపడలేదు.

*

పొలంలో ఉన్న మగవాడికి మధ్యాహ్నం మూడింటికి ఫలహారం పట్టుకెళ్ళడం మా వైపు ఇల్లాలి పని. ఒక బుట్ట, ఒక ఫ్లాస్కు. పికప్పు ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద గుడ్డ పరిచి పెట్టాలి, అతను తినేంతసేపు పక్కన కూర్చోవాలి. పావుగంట పని. ఆరిన్ మితభాషి. ఇంట్లో అతను మాట్లాడిందీ, ఆ ట్రక్కు తలుపు మీద కూర్చుని మాట్లాడిందీ కలిపి తూస్తే రెండోదే బరువు. వేసవి ప్రదర్శనల రోజుల్లో ఏటా ఫ్లాస్కు అతనే పట్టుకుపోయేవాడు. ఆ ఏడే మొదటిసారి నా చోట మరొకరు కూర్చున్నారు.

ఆగస్టు ఏడు, బుధవారం, మధ్యాహ్నం మూడు కావడానికి పది నిమిషాలు, తొంభై రెండు డిగ్రీలు, గాలి లేదు. పొరుగు కౌంటీలో పని తొందరగా ముగిసింది. మొదటి బహుమతి వచ్చిన ఆపిల్ కేకులో మిగిలిన సగాన్ని, దాన్ని చేసిన ఆవిడ నాకు కట్టి ఇచ్చింది. ఆపిల్, దాల్చినచెక్క వేసిన కేకంటే ఆరిన్‌కు ప్రాణం. ఒక ముక్క మూడువందల పది కేలరీలు. సాయంత్రం భోజనంలో సర్దవచ్చు. నేరుగా ఉత్తరపు చేనుకు పోనిచ్చాను.

మొక్కజొన్న అప్పటికి తలకు మించి పెరిగింది. చేల మధ్య బాట మలుపులో కారు ఆపి, కేకు డబ్బా పట్టుకుని నడిచాను. చివరి చాలు దాటకముందే వాళ్ళ మాటలు వినిపించాయి. ట్రక్కు తలుపు మీద ఇద్దరూ కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. మధ్యలో కోడి మాంసం, తోలుతో సహా వేయించింది. మీగడ కలిపిన కీరా ముక్కలు.

"నిమ్మబిళ్ళల సంగతి అక్కకి చెప్పావా?" అంటోంది లవాన్.

"చెప్పలేదు."

"చెప్పు. నవ్వుకుంటుంది."

"ఆర్డిసా?" అన్నాడు నా భర్త. "అది నవ్వుకోదు. కేలరీలు కూడుతుంది."

లవాన్ పడీపడీ నవ్వింది. ఆరిన్ కూడా నవ్వాడు, కాని మెల్లగా. "మూడు నెలలు పొద్దస్తమానం ఆకలే, లవాన్. దున్నుతూ ఆకలి, పడుకుని ఆకలి. పెట్టింది తక్కువని కాదు. తిన్న గంటకే మళ్ళీ మొదలయ్యేది. ఇప్పుడు లేదు. ఎందుకో తెలీదు, లేదు."

నేను వెనక్కి తిరిగి నడిచి కారులో కూర్చున్నాను. డబ్బా మూత తీసి, చాకు లేనందున వేళ్ళతోనే తుంచి, రెండు ముక్కల కేకు తిన్నాను. ఆ ఆరువందల ఇరవై కేలరీలు కూడా పుస్తకంలో ఎక్కలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రక్కు డ్యాష్‌బోర్డు అర తెరిచి చూశాను. కాగితపు సంచిలో ఆ నిమ్మబిళ్ళలు, నిమ్మ రుచి చక్కెర మిఠాయిలు, ఉన్నాయి. ఎండకు కరిగి ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయాయి. అంటే నెలరోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. సీటు కింద అలాంటి ఖాళీ సంచులు పదకొండు దొరికాయి. అతనన్నట్టే నేను కేలరీలు కూడి చూశాను. ఏప్రిల్ నుంచి జులై దాకా రోజుకు సగటున రెండువందల ఎనభై కేలరీలు నా పథకం బయట తిన్నాడు. ట్రక్కులో బిళ్ళలుంటే ఇంకెక్కడేం ఉండేవో. నా లెక్క తప్పు కాదని తేలింది. సంతోషం కలగలేదు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసినదానికి ఆకలేస్తోందని చెప్పుకోలేక, రెండు నెలల క్రితం వచ్చినదానికి చెప్పుకున్నాడు.

*

ప్రదర్శనలు ఆగస్టు పదిహేడుతో అయిపోయాయి. ఆ తర్వాతి వారం నేను ఇంట్లోనే ఉన్నాను, కాని వంట నాకివ్వమని అడగలేదు. ఆరు రోజులపాటు, పొద్దున వాళ్ళు లేవకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఫ్రిజ్‌లో ఉన్నదంతా తూచాను. వెన్న, జున్ను, మీగడ, గుడ్ల సంఖ్య, కోడి బరువు, తిన్నాక మిగిలిన ఎముకల బరువు. ఆరిన్ ఏది ఎంత తిన్నాడో, లవాన్ ఎంత తిన్నదో బల్ల దగ్గర కళ్ళతో కొలిచి విడదీశాను.

గురువారం నాడు లవాన్ వెన్న పొట్లం పట్టుకుని వచ్చింది. "దీని మీద ఈ పెన్సిల్ గీత ఏమిటి ఆర్డిస్? నిన్న ఒకటుంది, ఇవాళ ఇంకొకటి."

అది ప్రయోగం కోసమని చెప్పాను.

"నా మీదా, వెన్న మీదా?" అంది. మళ్ళీ తనే, "నన్నడిగితే చెప్పేదాన్నిగా, ఎంత వేస్తున్నానో," అంది. ఆ గొంతులో వెటకారం లేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

ఆగస్టు 24, శనివారం, ఆరుంబావు, అరవై ఒక్క డిగ్రీలు, పొగమంచు తెర. గుండు రెండువందల నలభై ఒకటి దగ్గర ఆగింది. ఇంకా పది రోజులుంది, ఒక్క పౌనే మిగిలింది. లవాన్ కటకటాల మీద అరచేత్తో చరిచింది. ఆరిన్ చేతులు పైకెత్తి, కుర్రవాడిలా బోనులో గుండ్రంగా తిరగబోయి, తుంటి పట్టేసి ఆగిపోయాడు. నేను జేబులోంచి కాగితం తీశాను.

"రోజుకు పదిహేడువందల నలభై," అన్నాను. "నువ్వు ఆమె చేతి కింద తింటున్నది అంతే. నేను పెట్టినదానికంటే అరవై తక్కువ. రొట్టె లేకపోతే దాని మీద వెన్న ఎంత రాస్తాం? కేకు లేకపోతే మీగడ ఎక్కడ పోస్తాం? తక్కువ తిన్నావు కాబట్టి తగ్గావు. చక్కెరా పిండీ మానడంలో మహిమేమీ లేదు."

ఆరిన్ కాగితం అందుకుని, అన్ని వరసలూ చదివి మడిచి, నాకు తిరిగి ఇచ్చాడు.

"నీ లెక్క తప్పని నేనెప్పుడూ అనలేదు," అన్నాడు.

"మరి?"

"అరవై తక్కువే తిన్నాను, సరే. మరి నాకు ఆకలెందుకు వెయ్యలేదు?"

దానికి నా చదువులో అప్పట్లో జవాబు లేదు. తెలియదని ఒక్కమాట అంటే సరిపోయేది. లవాన్ అక్కడ లేకపోతే అనేదాన్నేమో.

"సోమవారం నుంచి వంట నేను చేస్తాను," అన్నాను. "అదే పదిహేడువందల నలభై పెడతాను. మామూలు తిండితో. కేలరీ ఎందులోదైనా ఒకటేనని మీ ఇద్దరికీ చూపిస్తాను."

"ఈ పది రోజులు ఆగు, ఆర్డిస్," అంది లవాన్. "ఆపరేషన్ అయ్యాక ఏ పిండి కావాలంటే ఆ పిండి పెట్టుకో. నేనే కలిపిస్తాను."

"నా వంటిల్లు నాకు తెలుసు," అన్నాను.

ఆమె ఆరిన్ వంక చూసింది. అతను వంగి బూటు తొడుక్కుంటున్నాడు. కుడి బూటు తొడగడానికి ఎప్పుడూ చాలాసేపు పట్టేది. తల ఎత్తకుండానే, "ఆర్డిస్ వంటే తింటాను," అన్నాడు.

*

తొమ్మిది రోజులు. ఆగస్టు 25 ఆదివారం నాడే, చెప్పినదానికంటే ఒకరోజు ముందుగా, పిండి కలిపాను. అన్నమాట తప్పలేదు: రోజుకు పదిహేడువందల నలభై, ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. ఉదయం జావ, తేనె. మధ్యాహ్నం ఇంట్లో కాల్చిన రొట్టె, ఉడికించిన బంగాళాదుంప. మూడింటికి పొలంలో కాఫీ, దాల్చినచెక్క వేసిన ఆపిల్ కేకు. ఇంత పెట్టి ఆ అంకెలో ఇమడాలంటే కొవ్వూ మాంసమూ దాదాపు లేనట్టే. ప్రదర్శనల్లో వేలకొద్దీ ఆపిల్ కేకులు రుచి చూసిన మనిషిని, ఎలా చేయాలో నాకు తెలుసు.

మూడింటికి బుట్ట నేనే పట్టుకెళ్ళాను. ట్రక్కు తలుపు దించి పక్కన కూర్చున్నాను. ఆరిన్ ప్రతి రోజూ కేకు అంతా తిన్నాడు, వేలితో పళ్ళెంలో రాలిన పొడి కూడా అద్దుకుని తిన్నాడు. బాగుందన్నాడు. సోయా కాయ పట్టిందన్నాడు, తొందరగా మంచు పడేలా ఉందన్నాడు. ఆకలి గురించి నేను అడగలేదు, అతను చెప్పలేదు. అయిదో రోజున అతను ఖాళీ బుట్టలోకి మరోసారి తొంగి చూశాడు. డ్యాష్‌బోర్డు అర మాత్రం నేను తెరిచి చూడలేదు.

ఇప్పుడు నేను చెప్పవలసింది ఒకటుంది. జులై పదమూడున కొట్టంలో నిలబడి నీళ్ళ గురించి ఉపన్యాసమిచ్చింది నేనే. రొట్టె తింటే వారంలో నీళ్ళు తిరిగి వస్తాయని నా నోటితో నేనే అన్నాను. పిండి కలిపేటప్పుడు అది నాకు గుర్తులేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. గుర్తుంది. నిజంగా దిగే కొవ్వు ఆ నీళ్ళను మించిపోతుందని లెక్క వేసుకున్నాను. తొమ్మిది రోజుల్లో దిగే కొవ్వు రెండు పౌన్లు, తిరిగొచ్చే నీళ్ళు ఆరు. ఆ కూడిక తప్పడానికి వీల్లేనంత చిన్నది, నేను తప్పాను. ఆ వేసవి మొత్తంలో నా పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క తప్పు లెక్క అది.

మధ్యలో ఉన్న శనివారం, ఆగస్టు 31న, ఈసారి తూచవద్దని నేనే అన్నాను. తూకం మూడో తారీకున చాలన్నాను. ఆరిన్ సరేనన్నాడు. లవాన్ ఆ వారమంతా ట్రెయిలర్‌లోనే వండుకు తిన్నది.

సెప్టెంబరు 3, మంగళవారం, ఉదయం అయిదున్నర, ముప్పై ఆరు డిగ్రీలు, నిర్మలమైన ఆకాశం. బయలుదేరేముందు ఆరిన్ ఆదివారపు చొక్కా వేసుకుని బోనులో నిలబడ్డాడు. గుండు రెండు నలభై దగ్గర పెట్టాను. దూలం టక్కున పైకి కొట్టుకుంది. ఒక్కో గీతే జరిపాను. రెండువందల నలభై అయిదు దగ్గర నిలకడకొచ్చింది.

పందులు తొట్ల దగ్గర తోసుకుంటున్నాయి. ఆరిన్ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. చీలమండ దగ్గర మేజోడును వేలితో నొక్కి, వదిలి, ఆ గుంట నిండడం చూశాడు. పందుల్ని అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ పొట్ట దగ్గర నొక్కి చూస్తారు, అలాగే.

"బయలుదేరదాం," అన్నాడు.

డాక్టరు కాటా కూడా రెండువందల నలభై అయిదే చూపించింది. ఆయన మంచివాడే. మార్చి నుంచి ఇరవై మూడు దిగారని మెచ్చుకున్నాడు. అయితే మత్తు ఇచ్చే డాక్టరు గీసిన గీతను తాను దాటలేనన్నాడు. ఏప్రిల్ పదిహేడు ఖాయం చేసి కార్డు రాసి ఇచ్చాడు. కార్డును ఆరిన్ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు దారిలో కారు నేను నడిపాను. రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న ఇంకా పచ్చగానే ఉంది. రాష్ట్ర సరిహద్దు దాటాక నేనే మొదలుపెట్టాను. లవాన్‌కు ఏం చెబుదామని అడిగాను.

"దిగలేదని చెబుదాం."

"ఆరిన్, అది..."

"నీళ్ళు," అన్నాడు. "తెలుసు. రెండోరోజు నుంచే తెలుసు. ఉంగరం బిగిసింది."

నేను కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను. "తెలిసీ ఎందుకు తిన్నావు?"

అతను కిటికీలోంచి చేనువైపు చూశాడు. జాలి లేదు, కోపం లేదు. ధాన్యం తేమ ఎంతుందో చెప్పినట్టు చెప్పాడు:

"మూడింటికి నువ్వొచ్చి కూర్చున్నావు కదా."

*

ఆ రాత్రే మొదటి మంచు పడింది. మా వైపు ఎవరికీ గుర్తులేనంత ముందుగా పడిన మంచు అది. మొక్కజొన్న గింజ గట్టిపడకముందే పైరు చచ్చింది. కోత ఆలస్యమై నవంబరు దాకా సాగింది. ఆరిన్ ఆసుపత్రిలో లేడు కాబట్టి ఎవరూ రాలేదు. కోత యంత్రానికి ఆరు మెట్లు. రోజుకు పదిసార్లు ఎక్కి దిగాడు, ప్రతిసారీ కుడి కాలిని రెండు చేతులతో ఎత్తి పెట్టుకుంటూ. లవాన్ ధాన్యం ట్రక్కు తోలింది. నేను నా వంటింటిని ఆమెకు తిరిగి ఇచ్చేశాను. రొట్టె లేని తిండే వండింది, అక్టోబరు మొదటి వారానికల్లా అతను రెండువందల ముప్పై ఆరుకు దిగాడు. ఆ అంకె వల్ల అప్పుడు ఎవరికీ ఉపయోగం లేదు. మూడింటి ఫలహారం మాత్రం నేనే పట్టుకెళ్ళాను. వేయించిన కోడి, మీగడ, కీరా. కేకు లేదు.

నిమ్మబిళ్ళల గురించి నేనే ఒకరోజు అడిగాను. చెప్పాడు. నేను కూడలేదు. ఎప్పుడు ఆకలేసేదో, ఎలా ఉండేదో అడిగాను, అది కూడా చెప్పాడు. ఆ కోతకాలంలో అతను నాతో మాట్లాడినంత అంతకుముందెన్నడూ మాట్లాడలేదు.

లవాన్‌కు ఆ తొమ్మిది రోజుల సంగతి నేను చెప్పలేదు. ఆమె అడగలేదు. వెన్న పొట్లాల మీద పెన్సిల్ గీత పెట్టడం మాత్రం ఆమెకే అలవాటైంది. చాలాకాలం తర్వాత, పక్క ఊళ్ళో సొంత ఇల్లు పెట్టుకున్నాక కూడా, ఆమె ఫ్రిజ్‌లో వెన్న మీద ఆ గీత చూశాను.

1975 ఏప్రిల్ 17న ఆపరేషన్ జరిగింది. కొత్త కీలు బాగానే అమరింది. అయితే ఆ శరదృతువులో కీలు కూర్చునే ఎముక గిన్నె మరీ లోతుగా అరిగిపోయినందున కుడి కాలు ముప్పావు అంగుళం పొట్టిగా కుదిరింది. సెప్టెంబరులో చేసి ఉంటే ఇంత తేడా వచ్చేది కాదని డాక్టరు అన్నాడు. ఆరిన్ మరో ఇరవై రెండేళ్ళు బతికాడు. అన్నేళ్ళూ అతని బూట్లకు కుడి మడమ ముప్పావు అంగుళం ఎత్తు వేయించేదాన్ని, పాదం కొలత నేనే తీసి పంపేదాన్ని. 1997లో అతన్ని ఆ బూట్లతోనే పాతిపెట్టాం.